మత్స్యమృగయాగ్రంథములు : స్టీల్‌హెడ్డు నదులపై నిరువురు గ్రంథకర్తలు

మృగయావర్ణనము తెలుఁగు ప్రబంధములకుఁ గ్రొత్తది గాదు. మనుచరిత్రమున స్వరోచి వేఁటయుఁ, గాళహస్తిమాహాత్మ్యమునఁ దిన్నని వేఁటయుఁ బండితు లెల్లరు నెఱిఁగినవే. అయిన నవి యడవిమృగముల వేఁటలు. నీటిలోని చేపను గాలముతోఁ బట్టుట కావ్యవస్తువు కాఁదగునా యను ప్రశ్నమును మనవారు విశేషముగా విచారించినట్లు కానరాదు. శాస్త్రమున మాత్రము దానికిఁ జోటు కలదు. కల్యాణపురము రాజధానిగా నేలిన పశ్చిమచాళుక్యుఁడు మూఁడవ సోమేశ్వరుని పేరఁ బండ్రెండవ శతాబ్దమున వెలసిన మానసోల్లాసమందు, వినోదవింశతిలో, మత్స్యవినోద మను ప్రకరణ మున్నది. చేపల జాతులు, వాని కిష్టమైన యెరలు, గాలమునకుఁ గావలసిన కఱ్ఱయు దారమును అందుఁ జెప్పఁబడినవి. అది రాజులకు వినోదము నేర్పు శాస్త్రము. కావ్యము గాదు, కావలయునని దాని యుద్దేశమును గాదు.

ఆంగ్లభాషలో నీ వస్తువునకుఁ బ్రత్యేకవాఙ్మయమే పెరిఁగినది. 1496వ సంవత్సరమున వెస్ట్‌మినిస్టరునందు వింకిన్ డి వర్డు ముద్రించిన సంపుటములో గాలపువేఁటనుగూర్చిన ప్రకరణము వెలువడినది. 1653లో ఐజాక్ వాల్టను 'ది కంప్లీట్ ఆంగ్లర్' అను సంవాదరూపమైన గ్రంథమును బ్రకటించెను. 1676లో ఛార్లెస్ కాటను దానికి 'ఫ్లై' వేఁటనుగూర్చిన భాగమును జేర్చెను. ఫ్లై యనఁగా ఈఁకలు, వెండ్రుకలు, పట్టుదారములు గాలపుముల్లునకుఁ జుట్టి కట్టిన కృత్రిమకీటము. నాఁటినుండి యీ వాఙ్మయమున రెండు పాయలు కలిసియే పాఱుచున్నవి. ఒకటి శాస్త్రము, రెండవది కథనము. ఏ ముడి యెట్లు వేయవలయునో చెప్పుచుఁ జెప్పుచునే రచయిత యేటియొడ్డునఁ దన కయిన యనుభవమును జెప్పును. ఈ రెంటిని వేఱుపఱచి చూడని విమర్శకుఁడు శాస్త్రమును గావ్య మనియుఁ, గావ్యమును గాలక్షేప మనియుఁ బొరపడును.

ఈ పరంపర యట్లాంటిక్కు సముద్రమును దాఁటి యుత్తరామెరికాయొక్క పడమటి తీరమునకుఁ జేరినపుడు దానికొక క్రొత్త వస్తువు లభించినది. అదియే స్టీల్‌హెడ్డు మత్స్యము. ఈ మత్స్యమును వేఁటాడినవారిలో జేన్ గ్రే (1872–1939), రాడరిక్ హెయిగ్-బ్రౌన్ (1908–1976) అను నిరువురు దానినిగూర్చి వ్రాసి పేరొందిరి. ఇరువురును వేఁటాడిన నదులు పొరుగునదులు. ఒక యేటికి మాత్ర మిరువురును బోయిరి. అయినను వారి గ్రంథములు రెండు వేఱువేఱు జాతులకుఁ జెందినవి. ఆ భేద మెక్కడ నున్నది, దేనికి గావ్యగౌరవము చెల్లును అనుటయే యిట విచార్యము.

మొదట వస్తుపరిచయ మావశ్యకము. స్టీల్‌హెడ్డు రెయిన్‌బో ట్రౌటు అను మంచినీటి చేపయే. కాని నదిలోఁ బుట్టి, యొకటి రెండేండ్లో యంతకుఁ గొంచె మధికముగనో యచటఁ బెరిగి, సముద్రమునకుఁ బోయి, యందు మేసి బలిసి, గ్రుడ్లు పెట్టుటకు మరలఁ దాను బుట్టిన నదికే వచ్చును. దాని నామచరిత్రము శాబ్దికులకు వినోదకరమైనది. 1792లో వాల్‌బౌం అను జర్మను పండితుఁడు కంచట్కా దేశపు చేపకు 'మైకిస్' అను పేరు పెట్టెను. 1836లో సర్ జాన్ రిచర్డ్‌సను కొలంబియా నదియందలి చేప వేఱొక జాతి యనుకొని, హడ్సన్స్ బే కంపెనీవారి వైద్యుఁడగు గెయిర్డ్‌నరు పేరు దానికిఁ బెట్టెను. రెండు నొక్కటే యని తేలి, 1989లో నీ చేపను అట్లాంటిక్కు సాల్మనుల గణమునుండి తీసి పసిఫిక్కు సాల్మనుల గణమునఁ జేర్చి, పాతదగు మైకిస్ నామమునే నిలిపిరి. పసిఫిక్కు సాల్మనులు గ్రుడ్లు పెట్టి చచ్చును. స్టీల్‌హెడ్డు లన్నియుఁ జావవు. కొన్ని మరల సముద్రమునకుఁ బోయి, మరల నదికి వచ్చును. కొన్ని వేసవిలోనే నదిఁ జొచ్చి, మఱుసటి వసంతమువఱకుఁ జల్లనినీట నిరీక్షించును. కొన్ని చలికాలమున వచ్చును. ఒరిగన్, వాషింగ్‌టన్ రాష్ట్రములలోఁ గొండలనుండి దిగు నేఱులును, బ్రిటిష్ కొలంబియాలోని థాంప్సన్, డీన్, స్కీనా నదులును, స్కీనాలోఁ గలియు బాబీన్, కిస్పియాక్స్, బల్క్‌లీ నదులును వీనికిఁ బ్రసిద్ధస్థానములు.

ఈ చేపను ఫ్లైతోఁ బట్టుట కష్టము. నదిఁ జొచ్చిన పిమ్మట నిది యాహారముకొఱకు వెదకుట మిక్కిలి తక్కువ. ఆఁకలి లేనిదానికి నెర చూపవలయును. వేఁటకాఁడు మొలలోఁతు నీట నిలిచి, ప్రవాహమున కడ్డముగాఁ, గొంచెము దిగువకు దారము విసరును. నీటియొత్తిడికి దారము విల్లువలె వంగి, ఫ్లై యీ దరినుండి యా దరికి నెమ్మదిగాఁ దేలివచ్చును. వచ్చిన వెనుక రెండడుగులు దిగువకు నడచి మరల విసరును. ఇట్లు మడుఁగంతయుఁ దుడిచినట్లు వెదకవలయును. శరత్తు కడపటను జలికాలమందును నీరు మంచునీటికిఁ గొంచెము మాత్రమే వెచ్చనిది. వ్రేళ్లు కొంకర్లు పోవును, గఱ్ఱకు బిగించిన కడియములలో మంచు గడ్డకట్టి దారము కదలదు. వేయి విసరుల కొక చేప యని యా వేఁటకాండ్రలో లోకోక్తి. దినములకు దినములు చేప తగులకుండఁ గడచుట యిందు సామాన్యము, తగులుటయే విశేషము.

ఇక్కడనే గ్రంథకర్తకుఁ జిక్కు వచ్చును. నాటకవస్తువునకు మన లాక్షణికు లైదవస్థలను జెప్పిరి: ఆరంభము, యత్నము, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమము. స్టీల్‌హెడ్డు యాత్రలలోఁ బెక్కు ప్రాప్త్యాశయందే నిలిచిపోవును. ఆరంభము కలదు, యత్నము మిక్కిలిగాఁ గలదు, చేప నీట నొకసారి మెఱసినచోఁ బ్రాప్త్యాశయుఁ గలదు. ఫలాగమము మాత్రము లేదు. ఫలము లేని కథను బట్టి నిలుపునది యేది? చేప దొరకిన దినములను మాత్రమే యేర్చి వ్రాసినచో నది యసత్యము కాకున్నను సత్యము గాదు. దొరకని దినములను వ్రాసినచోఁ జదువువానికి విసుగు. ఈ చిక్కును విప్పుకొన్న తీరునుబట్టియే యిరువురి గ్రంథములను దూఁచవలయును.

జేన్ గ్రే యొహాయో రాష్ట్రమున జన్మించి, దంతవైద్యము నేర్చి, దానిని విడిచి, పడమటి దేశపు సాహసకథలు వ్రాసి, లక్షలకొలఁది పాఠకులను సంపాదించినవాఁడు. 1912లో వెలువడిన 'రైడర్స్ ఆఫ్ ది పర్పుల్ సేజ్' ఆతనికిఁ గీర్తి తెచ్చెను. ధన మార్జించినకొలఁది సముద్రములను నదులను వెదకుచు వేఁటాడెను. 1928లోఁ బ్రకటించిన 'టేల్స్ ఆఫ్ ఫ్రెష్‌వాటర్ ఫిషింగ్' అను సంపుటమున నాతని స్టీల్‌హెడ్డు కథలు కలవు. ఒరిగన్‌లోని రోగ్ నదియం దాతనికి మిక్కిలి మక్కువ. 1925లో నా నదిపైఁ బడవలలో సముద్రమువఱకుఁ బయనించెను. ఆ పిమ్మట వింకిల్ బార్ అనుచోట నొడ్డునఁ గుటీరమును గొనెను. తరువాత నార్త్ అంప్‌క్వా నదికి మరలెను.

గ్రే తనకుఁ జేప తగులని దినములను దాఁచినవాఁడు గాఁడు. ఇది యాతని కొసఁగవలసిన న్యాయము. ప్రక్కవాఁడు పట్టుచుండఁగాఁ దాను వట్టిచేతులతో నిలిచిన సంగతిని స్పష్టముగానే చెప్పును. కాని యా యపజయ మాతని కథలో విజయమునకు మెట్టు. నాయకుఁ డెంతగా వెనుకఁబడిన నంతగాఁ గడపటి గెలుపు ప్రకాశించును. ప్రతినాయకుఁడు బలవంతుఁడైనఁ గాని నాయకుని బలము తెలియదు గావున, చేప ప్రతినాయకుఁ డగును. దాని యెగురులు, పరుగులు, నీటిపైఁ జఱచుటలు యుద్ధవర్ణనమువలె సాగును. స్థాయి యుత్సాహము, రసము వీరము. సాహసకథకుఁడగు గ్రంథకర్త తా నెఱిఁగిన సాధనమునే యిచ్చటఁ బ్రయోగించెను. ఆతని కొట్టపువాక్యము సత్తువ గలది; కొండచఱియలు, సాయంకాలపు వెలుఁగు, తెల్లని నుఱుగు, నీటిమ్రోఁత కన్నులకుఁ జెవులకు వెంటనే తగులును. ఈ గుణములవలననే యీ సంపుటము నేఁటికిఁ జదువఁబడుచున్నది.

లోప మేమనఁగా, నది యా కథలలో రంగస్థలము. యుద్ధము ముగిసిన వెనుక రంగస్థలముతోఁ బని లేదు. రోగ్ నదికి బదులు వేఱొక నదిని బెట్టి చదివినను గథయొక్క సంధు లేమియుఁ జెడవు. వీరరసమున కది చాలును. కాని యా నది యేమి, యా చేప యేల వచ్చెను అను జిజ్ఞాస కుత్తరము చాలదు.

హెయిగ్-బ్రౌన్ జీవితము వేఱుదారిని నడచినది. ఆతఁ డింగ్లండులోని ససెక్సులోఁ బుట్టెను. తండ్రి మొదటి మహాయుద్ధమున 1918లో మరణించెను. బాలుఁడు డార్సెట్టులోని ఫ్రోమ్ నదిపై వేఁట నేర్చెను. 1926లో వాషింగ్‌టన్ రాష్ట్రమునకు వచ్చి, కలపకోఁత శిబిరములలోఁ బనిచేసి, పిదప బ్రిటిష్ కొలంబియాలోని వాంకూవర్ దీవికిఁ బోయి నింప్‌కిష్ నదీప్రాంతమున నుండెను. 1934లో వివాహమాడి, కాంప్‌బెల్ నది యొడ్డున నిల్లు చేసికొని, తుదివఱకు నందే యుండెను. న్యాయశాస్త్రమునఁ బట్టము లేకున్నను ముప్పదియేండ్లకుఁ బైగా నా యూర మేజిస్ట్రేటుగాఁ బనిచేసెను. ఇరువదికిఁ బైగా గ్రంథములు రచించెను. వానిలో 1939నాఁటి 'ది వెస్టర్న్ ఆంగ్లర్' ప్రధానముగా శాస్త్రము. 1941నాఁటి 'రిటర్న్ టు ది రివర్' సాల్మను చేపయొక్క జీవితకథ. 1946లో వెలువడిన 'ఎ రివర్ నెవర్ స్లీప్స్' శాస్త్రమునకుఁ గథకును నడుమ నిలిచి, రెంటిని మించినది.

ఈ గ్రంథమున గమనింపఁదగినది దాని కట్టడి. అది యాత్రల క్రమమున గాని, పట్టిన చేపల గొప్పదనపు క్రమమున గాని లేదు. జనవరి మొదలు డిసెంబరువఱకుఁ బండ్రెండు మాసముల క్రమమున నడచును. మొదటి మాసమగు జనవరిలోనే చలికాలపు స్టీల్‌హెడ్డు వచ్చును. కర్త బాల్యమున నింగ్లండులోఁ జూచినదియు, యౌవనమున నింప్‌కిష్‌పైఁ జూచినదియు, నిన్న కాంప్‌బెల్‌పైఁ జూచినదియు నొక్క మాసము క్రిందనే చేరును. మనుష్యుని వయస్సు వరుస తప్పును. నదియొక్క వరుస తప్పదు. ఋతువర్ణనమును బ్రబంధమున నలంకారముగాఁ జూచుట కలవాటుపడిన పాఠకున కిది యపూర్వముగాఁ దోఁచును. ఇచట ఋతువు లలంకారములు గావు, కథాశరీరమే యవి.

ఈ కట్టడిచేత ఫలాగమసమస్య తానుగా విడిపోవును. నాయకుఁడు వేఁటకాఁడైనచో, చేప దొరకని దినము కథకు భంగము. ప్రధానవ్యక్తి నదియైనచో, నా దినముకూడ నదికథలోని యొక దినమే. నాఁడు నీటిమట్ట మెంత, రంగెట్టిది, యే రాతి చాటునఁ జేప నిలువఁదగును, అది యేల నిలువలేదు అనునవియే కథాంశములు. ఒక నది నెఱుఁగుట యనఁగా నేమి యను ప్రశ్న యా గ్రంథమంతటను వినఁబడుచుండును. చేపవేఁట యా యెఱుకకు మార్గము మాత్రమే. పట్టుట కుదిరినపుడు సంతోష మున్నది. కాని గ్రంథభార మా సంతోషముపై నిలువలేదు. ఇది నాయకనిర్ణయమునకుఁ జెందిన విషయము, శైలీమాత్రమైనది గాదు.

ఇరువురును బోయిన యేఱు వాషింగ్‌టన్ రాష్ట్రములోని డీర్ క్రీక్. అది స్టిల్లగ్వామిష్ నదియొక్క యుత్తరశాఖలోఁ గలియు చిన్నయేఱు. వేసవి స్టీల్‌హెడ్డునకుఁ బేరుపడినది. గ్రే 1918లో నీ యేటిని వెదకికొని యడవిదారినిఁ బోయెను. ఆ యాత్ర 1928నాఁటి సంపుటమునఁ జేరినది. హెయిగ్-బ్రౌన్ కలపకోఁత శిబిరమున నున్న దినములలో, యువకుఁడుగాఁ, దోడివారి మాటలు విని యా యేటికి నడచిపోయెను. ఆ వృత్తాంతము 1946నాఁటి గ్రంథమునఁ గలదు. ఒక యేఱు, ఒక చేప, నడుమఁ బదియేండ్లకు మించని కాలభేదము. విమర్శకున కింతకంటె మంచి తక్కెడ దొరకదు.

గ్రే కథలో నా యేఱు దొరకిన నిధి. దుర్గమమైన దారి, దాఁగిన మడుఁగులు, నిర్మలజలము, అందు మెదలు పెద్దచేపలు. వెదకివచ్చిన వీరునకుఁ గలిగిన పారవశ్యము. పాఠకుఁడు గ్రే కన్నులతోఁ జూచును, గ్రే గుండెతోఁ గొట్టుకొనును. హెయిగ్-బ్రౌన్ కథలో యువకునకుఁ దెలియనివే యెక్కువ. ఇంగ్లండులో నేర్చిన విద్య యీ యేటఁ జెల్లునా, ఈ చేప యెట్టిది యను సందేహముతోనే యాతఁడు పోవును. నేర్పువాఁ డేఱు, నేర్చువాఁడు వేఁటకాఁడు. మొదటి కథ చదివినవాఁడు గ్రే నెఱుఁగును. రెండవ కథ చదివినవాఁడు డీర్ క్రీక్ నెఱుఁగును. ఈ యొక్క భేదమునందే రెండు గ్రంథముల తారతమ్యము నిమిడియున్నది.

హెయిగ్-బ్రౌన్ గ్రంథమున రసమేది? శాంత మని కొంద ఱనవచ్చును. నది, యేకాంతము, మితభాషణము గలిగినచోట శాంతరసమని తలఁచుట సులభము. కాని శాంతమునకు శమమో నిర్వేదమో స్థాయి కావలయును. ఈ గ్రంథకర్త కోరిక నణఁచినవాఁడు గాఁడు. తెల్లవాఱకమునుపే లేచి చలినీట నిలుచువానికి నిర్వేద మెక్కడిది? ఆతని స్థాయి విస్మయము. ఏండ్లతరబడి యెఱిఁగిన మడుఁగే నేఁడు క్రొత్తగాఁ గన్పట్టును; ఆఁకలి లేని చేప యీఁకలతోఁ గట్టిన వట్టి పురుగు నేల పట్టును అను ప్రశ్నకుఁ దృప్తికరమైన యుత్తరము లేదు. కావున నద్భుతమే యంగిరసము; నది యాలంబనము; ఋతువు లుద్దీపనములు. వీర మంగముగా నొదుఁగును. గ్రేలో వీర మంగియై యద్భుత మంగమైనది. రెండింటను నీ రసములే యున్నవి, అంగాంగిభావము తాఱుమాఱైనది.

హెయిగ్-బ్రౌన్ గ్రంథమున దోషములు లేకపోలేదు. గాలపుముల్లుల పరిమాణములు, దారముల బరువులు, ఫ్లైల పేళ్లు వచ్చినచోట వేఁట యెఱుఁగని పాఠకునకుఁ గథ తెగును. స్కాట్లండులోని డీ నదిపై ఎ. హెచ్. ఇ. వుడ్ సాల్మనులకై వాడుకలోనికిఁ దెచ్చిన, దారమునకుఁ గొవ్వు పూసి నీటిపైఁ దేల్చు పద్ధతి స్టీల్‌హెడ్డునకుఁ బనికివచ్చునా యను విచారము శాస్త్రమున భూషణము; కావ్యమున భారము. ఆ చర్చకు 'ది వెస్టర్న్ ఆంగ్లర్' తగిన చోటు. మఱియొక లోప మీ వాఙ్మయమున కంతకును సాధారణము. ఈ నదుల చేపలతోడనే యనేకశతాబ్దములుగా జీవించిన యాదిమజాతులవారు వేఁటకాండ్ర గ్రంథములలోఁ గథయంచులందే తరచుగా నిలుతురు. నది నెఱుఁగుటయే గ్రంథప్రయోజనమైనపుడు, దాని నందఱికంటె ముందెఱిఁగినవారి మాట నడుమ వినఁబడకపోవుట కొఱఁతయే.

ఇంతకంటె బలమైన యాక్షేపము హింసనుగూర్చినది. మృగయను ధర్మశాస్త్రములు కామజవ్యసనములలోఁ జేర్చినవి. అర్థశాస్త్రకర్త దానిని వ్యసనమనియే యెంచి, ద్యూతముకంటె మేలనియు, వ్యాయామాది లాభములు కలవనియుఁ జెప్పెను. శాకుంతలము రెండవ యంకమున సేనాపతి మృగయను బొగడఁగా విదూషకుఁడు నిందించును. కవి యిద్దఱికిని మాట యిచ్చెను. ఈ సందేహమును దాఁటనిదే మత్స్యమృగయాగ్రంథమునకుఁ గావ్యగౌరవ మీయరాదని యాక్షేపకుల మతము. 1946నాఁటి గ్రంథమునఁ జంపఁబడిన చేప లున్నవి. ఆ కాలమున నది వేఁటకాండ్రకు సహజము. గ్రంథకర్త యా హింసను గొనియాడలేదు, దాఁపనులేదు. కావ్యదోషము వస్తువునందుఁ గాక దానియెడ కర్తకుఁ గల బుద్ధియం దుండును. చంపుటయే ఫలముగాఁ గల కథకు హింస యంగి. ఎఱుకయే ఫలముగాఁ గల కథకు హింస యొక సందేహము. అది యపరిష్కృతముగ నుండుటయే సత్యము. గ్రేకు నీ విషయమునఁ బూర్తిగా నపకీర్తి కట్టరాదు. రోగ్ నదీముఖమున వలలతో జరుగు వ్యాపారపువేఁటను నిరసించిన యాతఁడు, ఆ కలహమునే వస్తువుగాఁ గొని నవలకూడ వ్రాసెను. అది యాతని మరణానంతరము 1948లో 'రోగ్ రివర్ ఫ్యూడ్' అను పేర గ్రంథముగా వెలువడెను.

గ్రంథములు వెలువడిన పిమ్మట నదుల కేమయ్యెనో తెలియక విమర్శ ముగియదు. స్టిల్లగ్వామిష్ ఉత్తరశాఖను 1941లో వేసవి స్టీల్‌హెడ్డునకై ఫ్లైవేఁటకు మాత్రమే కేటాయించిరి. ఆ చేపకై యట్లు చేసిన మొదటి నది యది. కాని వేఁటకాని గాలమును గట్టివేసినంత మాత్రాన నేఱు బ్రదుకదు. డీర్ క్రీక్‌కుఁ బైనున్న నిట్టచఱియలయందు దశాబ్దములు చెట్లు నఱకఁగా, 1980ల దశకారంభమున నొక గొప్ప కొండచఱియ విఱిగి యేటఁ బడెను. మట్టి మడుఁగులను బూడ్చెను. చేపపిల్లలకు నెలవు లేక యా సంతతి మిక్కిలి క్షీణించెను. కొంత కోలుకొన్నను మునుపటి స్థితి రాలేదు. 2007లోఁ బ్యూజెట్ సౌండ్ ప్రాంతపు స్టీల్‌హెడ్డుల నమెరికా ప్రభుత్వ మపాయమునఁ బడిన జాతుల పట్టికలోఁ జేర్చెను. కాంప్‌బెల్ నదిపై 1947లో, 'ఎ రివర్ నెవర్ స్లీప్స్' వెలువడిన మఱుసటి యేఁట, జాన్ హార్ట్ ఆనకట్ట ముగిసెను. ఎగువనున్న బటిల్ సరస్సు మట్టము పెంచు ప్రయత్నమును హెయిగ్-బ్రౌన్ 1950ల దశకమునఁ బ్రతిఘటించి యోడెను. 1958లో స్ట్రాత్‌కోనా ఆనకట్ట వెలసెను. 2018లో థాంప్సన్, చిల్‌కోటిన్ నదుల స్టీల్‌హెడ్డులు నశించు నపాయమున నున్నవని కెనడాదేశపు శాస్త్రజ్ఞసంఘము నిర్ణయించెను. నాఁడు థాంప్సన్ నదికి మరలిన చేపలు రెండువందలకు లోపు. 2019లోఁ గెనడా ప్రభుత్వము వానిని రక్షణశాసనపు పట్టికలోఁ జేర్చ నిరాకరించెను. 1956 మొదలుకొని స్కీనాలోనికి వచ్చు చేపలను టైయీ యనుచోటఁ బరీక్షావలతో నంచనా వేయుచుండఁగా, 2021లో వచ్చినవి మిక్కిలి తక్కువ.

ఇందువలన వేఁటయే మాఱినది. నేఁడు బ్రిటిష్ కొలంబియా నదులలో సహజజన్మగల స్టీల్‌హెడ్డును గాలమునఁ బట్టినవాఁడు దానిని బ్రదికియుండఁగనే విడువవలయును. గాలమునకుఁ గొండి యుండరాదు. కథలోని ఫలాగమ మిపుడు త్యాగమైనది: చేతికి వచ్చినదానిని నీటికే యిచ్చుట. గ్రే పద్ధతిని నీ యాత్రను వ్రాయఁబూనిన రచయితకు సంధి కుదరదు. గెలిచినవాఁడు గెలిచినదానిని విడుచుచున్నాఁడు గనుక వీరమునకు నిర్వహణము లేదు. హెయిగ్-బ్రౌన్ పద్ధతిని వ్రాయువానికి మాత్రము చిక్కులేదు. ఆతని కథలోఁ జేప నెన్నఁడును బూర్తిగా వేఁటకానిది కాలేదు. అది మొదటినుండి నదిది. శాసనము తరువాత వచ్చినది. దానికిఁ దగిన కథాస్వరూపము ముందే యేర్పడినది.

కడపటి ప్రశ్న మొకటి మిగిలినది. నేఁటి పాఠకున కీ గ్రంథములఁ జదువునపుడు దుఃఖము గలుగును. ఈ కరుణము గ్రంథమునదా, పాఠకునిదా? కర్త యుద్దేశింపని రసమును గ్రంథగుణముగా నెన్నరాదు. నది చెడినంత మాత్రానఁ బుస్తకము బాగుపడదు; అట్లయినచోఁ బాడువడిన ప్రతి యూరినిగూర్చిన ప్రతి వ్రాతయుఁ గావ్యమగును. అందువలన హెయిగ్-బ్రౌన్ గ్రంథమును నదీనాశమునకై పొగడుట తగదు. కాని యొకమాట చెప్పవచ్చును. పోయినదానికై దుఃఖించుటకుఁ బోయిన దెట్టిదో తెలియవలయును. శత్రువుగా మాత్రము తెలిసిన చేప నశించినచో యుద్ధము ముగిసినదనిపించును. మడుఁగు మడుఁగునను, మాసము మాసమునను దెలిసిన నది నశించినచో నష్ట మెంతయో లెక్కకు వచ్చును. కరుణము పాఠకునిదే, దానికి నాలంబనము నిచ్చినది గ్రంథము.

కావున నిర్ణయ మిట్లు తేలుచున్నది. గ్రే సంపుటము సత్తువగల సాహసాఖ్యాయిక. వీరరసమున కుదాహరణముగా నిలువఁదగినది. హెయిగ్-బ్రౌన్ గ్రంథము, శాస్త్రభారముచేఁ గొన్నిచోట్లఁ గుంటువడినను, నదిని బ్రధానవ్యక్తిగాఁ జేసి, ఫలము లేని దినమునకుఁ గథలోఁ దావొసఁగుటచేతఁ, గావ్యమని యనిపించుకొనును. చలినదులఁ జూడని పాఠకుఁడు, గాలము పట్టని పాఠకుఁడు, హింసను సహింపని పాఠకుఁడు సైతము దానిని జదివి యొక నది నెఱుఁగవచ్చును. మత్స్యవినోదమును శాస్త్రముగా మాత్రమే యెఱిఁగిన మన వాఙ్మయమునకు, నీ వస్తువు కావ్యము కాఁగల తీరిది యని చూపుటకు నా గ్రంథము చాలును.